శబరస్వామి తీర్పు, సవర నిఘంటువు

ఆమదాలవలస మండలం దన్నానపేటలో ఒక పెద్ద రాతిపలక ఉంది. కింద చిన్న రాళ్లు, వాటి మీద ఈ పలక. ఇలాంటివాటిని తెలుగువాళ్లు రాక్షసి గుళ్లు అంటారు. చరిత్రకారుల లెక్కలో ఇది బృహత్ శిలాయుగపు సమాధి. దాన్ని అక్కడ నిలపడానికి ఎందరు భుజాలు కలిపారో, చనిపోయిన ఆ మనిషి అంటే వాళ్లకు ఎంత గౌరవమో రాయిని చూస్తే ఊహకందుతుంది. ఆ రాయిని వాళ్లు ఏమని పిలిచారు, చనిపోయినవాళ్లు ఎక్కడికి పోతారనుకున్నారు అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. వాళ్ల మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి, పాలకొండ దాటి సీతంపేట కొండలెక్కితే సవర గూడేలు వస్తాయి. చనిపోయినవాళ్లకు రాయి పాతడం సవరల పాత ఆచారం. అంతమాత్రాన దన్నానపేట రాతితో వాళ్లకు చుట్టరికం కలపడం తొందరపాటే అవుతుంది. చూడవలసిన తేడా వేరే ఉంది. సవరల దగ్గర ఆ తంతుకు పేరుంది, రాయి ఎవరికోసం పాతుతారో వాళ్లకు పేరుంది, వాళ్లతో మాట్లాడే పద్ధతికి పేరుంది. ఆ భాషకు 1938 నాటికే పెద్ద నిఘంటువు అచ్చయింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ సవర మాటలు వినిపిస్తున్నాయి.

సవర తెలుగుకు బంధువు కాదు. అది ముండా భాష. సంతాలీ, ముండారీ దానికి దగ్గరి చుట్టాలు, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నామీస్ దూరపు చుట్టాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఎక్కువమంది ఒడిశాలో, మిగతావాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఉన్నారు. లెక్కపెట్టడంలో వాళ్లకు పన్నెండు, ఇరవై అనే రెండు సంఖ్యలూ ఆధారాలే. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ‘నీ పొట్టలో కత్తితో పొడుస్తాడు’ అన్నంత సంగతి ఒక్క క్రియాపదంలో ఇమిడిపోతుంది. కత్తి, పొట్ట అన్న నామాలు కురచ రూపాలు దాల్చి క్రియ లోపలికి వెళ్లిపోతాయి.

ఇలాంటి భాషను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు ప్రతి మాటనూ గళ్లుగా విడగొట్టాలి. భాషాశాస్త్రజ్ఞులు వాడే టూల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఎల్ఎక్స్ అన్న గుర్తు పక్కన ప్రధాన పదం, పీఎస్ పక్కన భాషాభాగం, జీఈ పక్కన ఇంగ్లీషు అర్థం పడతాయి. కురచ రూపానికి వేరే గడి కావాలా, పూర్తి రూపం కిందే చూపాలా అన్నది కష్టమైన ప్రశ్నే గాని, కూర్చుని ఆలోచిస్తే తెగుతుంది. ఆలోచించినా తెగనిది అర్థం గడి. ‘సొనుం’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆ గడిలో ఏం రాయాలి?

కేంబ్రిడ్జి మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి రాసినదాన్ని బట్టి సంగతి ఇది. చనిపోయిన మనిషి సొనుం అవుతాడు. తాను ఏ బాధతో పోయాడో ఆ బాధనే బతికున్నవాళ్లకు తెచ్చిపెడతాడు. అప్పుడు పూనకంలో పైలోకానికీ కిందిలోకానికీ దారి తెలిసిన ఒక స్త్రీ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆమె నోటి వెంట చనిపోయినవాళ్లు వచ్చి మాట్లాడతారు. ఇంటివాళ్లు వాళ్లతో ఏడుస్తారు, పోట్లాడతారు, పంపకాల గురించి వాదిస్తారు, ‘మందు ఎందుకు తాగలేదు’ అని నిలదీస్తారు. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. చివరికి ఆ మనిషి శాంతించి ఇంటి పెద్దల్లో కలుస్తాడు. పుట్టిన బిడ్డకు ఆ పేరు పెడతారు. ఇదంతా కలిస్తే సొనుం. దెయ్యం అని రాస్తే అబద్ధం. దేవత అన్నా సరిపోదు. ఆత్మ అంటే వేదాంతమో బైబిలో మధ్యలో దూరుతుంది. విటెబ్‌స్కీ చాలా ఆలోచించి దాన్ని జ్ఞాపకం అన్న అర్థం వైపు తిప్పాడు. అది లోతైన చూపే, కాని పొరుగువాడి చూపు. నిన్నరాత్రి కూతురి సొనుంతో మాట్లాడిన తల్లి ‘నేను జ్ఞాపకంతో మాట్లాడాను’ అని ఒప్పుకుంటుందా?

ఈ చిక్కు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు దీని మీద పంతం పట్టి వాదించుకున్నారు. జైమిని సూత్రాల మొదటి అధ్యాయం, మూడో పాదంలో పికనేమాధికరణం అని ఒక చర్చ ఉంది. వేదంలో పిక, నేమ, సత, తామరస అనే మాటలున్నాయి. ఆర్యుల వాడుకలో వాటికి అర్థం లేదు. మ్లేచ్ఛులని వాళ్లు పిలిచిన జనం మాత్రం వాడతారు: పిక అంటే కోకిల, నేమ అంటే సగం, తామరస అంటే తామర, సత అంటే ఒక రకం కర్రపాత్ర. ఇప్పుడు ఆ జనం చెప్పిన అర్థం తీసుకోవాలా, వ్యాకరణం దగ్గర పెట్టుకుని ధాతువుల నుంచి కొత్తగా అర్థం పుట్టించాలా?

జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి తీర్పు సూటిగా ఉంటుంది. వాడేవాళ్లు చెప్పిందే అర్థం. పక్షుల్ని పట్టడం, పెంచడం వాళ్లకే బాగా తెలుసు కనుక పక్షి పేరు వాళ్లనే అడగాలంటాడు. ఈ భాష్యకారుడి అసలు పేరు వేరనీ, అడవిలో శబరుడి, అంటే సవరవాడి వేషంలో బతికినందువల్ల ఆ పేరు నిలిచిందనీ ఒక ఐతిహ్యం ఉంది. అది నిజమైనా కాకపోయినా, సవరల భాషకు నిఘంటువు చేసేవాళ్లు గోడకు రాసిపెట్టుకోవలసిన తీర్పు ఆ పేరు మీదే ఉండటం సంతోషపెట్టే సంగతి.

ఏడో శతాబ్దంలో ఇదే చర్చను కుమారిల భట్టు ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఆయన ఉదాహరణలు మన దక్షిణాది భాషలవే. ద్రావిడులు అన్నాన్ని ‘చోర్’ అంటే, పండితుడు చివర ఒక అచ్చు తగిలించి చోరుడు అని అర్థం తీస్తాడు. దారిని ‘అతర్’ అంటే, ‘దాటరానిది కనుక సరిపోయింది’ అని తల ఊపుతాడు. పామును ‘పాప్’ అంటే, ‘పాపిష్టిదే కదా’ అంటాడు. మాటను తన వ్యాకరణంలోకి లాక్కుని, తన అర్థం పెట్టి, అదే మొదటి నుంచీ ఉందని నమ్మడం ఆనాటికే ఒక జబ్బుగా కనిపించింది.

అయితే శబరస్వామి తీర్పుకు ఒక హద్దుంది, దాన్ని దాచకూడదు. కంటికి కనిపించే వస్తువుల విషయంలోనే ఆయన మ్లేచ్ఛుల మాటకు విలువ ఇచ్చాడు. కనిపించనివాటిలో, అంటే ధర్మం దగ్గర, శిష్టులదే ప్రమాణం అన్నాడు. కోకిల కనిపిస్తుంది, సొనుం కనిపించదు. ఆ హద్దు దగ్గరే ఆగిపోతే, సవరల చెట్లకూ పిట్టలకూ సవరలు చెప్పిన అర్థం, సవరల దేవుళ్లకు మాత్రం పైవాళ్లు చెప్పిన అర్థం పడుతుంది. చాలా నిఘంటువుల్లో జరిగింది ఇదే. మొక్కల పేర్లు ఎంతో జాగ్రత్తగా ఉంటాయి. పూజకు సంబంధించిన మాటలన్నీ భూతం, పిశాచం, క్షుద్రదేవత అన్న మూడు నాలుగు ముక్కల్లో తేలిపోతాయి. శబరస్వామి చెప్పిన కారణాన్నే పట్టుకుంటే ఆ హద్దు నిలవదు. పక్షులతో బతికేవాడికి పక్షి తెలిసినట్టు, చనిపోయినవాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడేవాళ్లకే సొనుం తెలుసు. సొనుం ఉందా లేదా అన్నది వేరే తగువు. ఆ మాటకు అర్థం ఏమిటన్న దాంట్లో వాళ్లను మించిన శిష్టులు లేరు.

గిడుగు రామమూర్తి పంతులు ఈ తీర్పును చేతల్లో పెట్టినవాడు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, ఊళ్లోకి వచ్చిపోయే సవరలను చూసి వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నాడు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నాడు. గూడేలు తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందంటారు. ఇతరుల నోటి నుంచి ధ్వనులు ఏరుకునే పనిలో ఉన్నవాడికి అది ఎంత పెద్ద నష్టమో చెప్పనక్కర్లేదు. అయినా ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి.

తెలుగువాళ్లకు గిడుగు అంటే వాడుక భాషా ఉద్యమం. ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం. సవర పనిని ఆ జీవితంలో ఒక పక్క గదిలా చూస్తుంటాం. అసలు తలుపు అదేనేమో. పుస్తకం లేని భాష నేర్చుకునేవాడికి మాట్లాడేవాడి నోరు తప్ప వేరే ప్రమాణం ఉండదు. ‘ఇది తప్పు, అది ఒప్పు’ అనడానికి చిన్నయసూరి లాంటి వ్యాకరణకర్త లేడు. సవరల దగ్గర ఏళ్లపాటు ఆ వినయం అలవాటైనవాడు తెలుగు దగ్గరికి వచ్చి, జనం మాట్లాడేది తప్పు, గ్రంథంలో ఉన్నదే ఒప్పు అంటే ఎలా సహిస్తాడు? జయంతి రామయ్య పంతులు లాంటి గ్రాంథికవాదులతో ఆయన పడిన గొడవ పికనేమాధికరణానికి కొనసాగింపే.

ఆయన పుట్టిన చోటుకు దగ్గరి గుడినే చూడండి. శ్రీముఖలింగం స్థలపురాణంలో సవర నాయకుడొకడు ఇప్పచెట్టు నరికితే అందులోంచి శివుడు వెలిశాడు. ఇప్ప సంస్కృతంలో మధూకం కనుక స్వామి మధుకేశ్వరుడయ్యాడు. పూరీ కథలోనూ అంతే. విశ్వావసు అనే శబరుడు అడవిలో రహస్యంగా నీలమాధవుణ్ణి కొలిచాడు, తర్వాత ఆయన జగన్నాథుడయ్యాడు. రెండు కథలూ దేవుడు మొదట అడవివాళ్ల దగ్గర ఉన్నాడని గౌరవంగా ఒప్పుకుంటాయి. గుడిలో నిలిచిన పేరు మాత్రం సంస్కృతానిది. ఆ గుళ్లను ప్రేమించేవాళ్లే ఈ సంగతి గట్టిగా అడగాలి, ఎందుకంటే తమ దేవుడి మొదటి పేరు ఏమిటన్నది భక్తుడికి చిన్న విషయం కాదు.

ఇంతవరకు సవరలంతా ఒకే మాట మీద ఉన్నట్టు రాయడం జరిగింది. వాస్తవం అలా లేదు, అసలు కష్టం ఇక్కడే. ఈ కొండల్లో బాప్టిస్టు మిషన్ పాతది. రోమన్ లిపిలో సవర చదవడం అక్కడ చాలామంది చర్చిలోనే నేర్చుకున్నారు. విటెబ్‌స్కీ మొదట వెళ్లినప్పుడు పూనకంలో మాట్లాడే స్త్రీల చుట్టూ కిక్కిరిసిన జనం తర్వాత తరంలో చర్చికి మళ్లారు. సవరల మీద ఆయన 2017లో తెచ్చిన రెండో పెద్ద పుస్తకం ఆ మార్పు గురించే. చర్చికి మళ్లిన యువకులకు సొనుం అంటే వదిలించుకోవలసిన చెడు శక్తి. వాళ్లూ సవరలే, వాళ్లూ ఆ మాట వాడేవాళ్లే. ‘వాడేవాళ్లు చెప్పిందే అర్థం’ అన్నప్పుడు తల్లి చెప్పిన అర్థం రాయాలా, కొడుకు చెప్పిన అర్థం రాయాలా?

శబరస్వామికి ఈ సమస్య రాలేదు. కోకిల విషయంలో తల్లీకొడుకులకు తగాదా ఉండదు.

మూడో వర్గమూ ఉంది. 1936లో మంగేయి గమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని దర్శించాడు. కల్పించాడు అనడానికి ఆ లిపిని కొలిచేవాళ్లు ఒప్పుకోరు, అది వెలిసిందే. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక దేవత. ఒడిశాలోని మారిచిగూడలో దానికి గుడి ఉంది, అక్కడి దేవుడు అక్షరబ్రహ్మ. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోవడంతో, అలా జరగకూడదని పోరాడిన గిడుగు ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. సవర మాటను అచ్చుకెక్కించిన పంతులు కొండలకు దూరమైన ఏడే కొండల్లోంచి సవరల సొంత లిపి బయటికి వచ్చింది.

శబ్దమే బ్రహ్మం అని వ్యాకరణవేత్త భర్తృహరి వాదించాడు. అక్షరం అంటే నశించనిది అని మనం పిల్లలకు చెబుతాం, చెప్పి బలపం చేతికిస్తాం. మారిచిగూడ భక్తులు ఆ మాటను అక్షరాలా నమ్మారు. అందుకే నిఘంటువు ఏ లిపిలో ఉండాలన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గాని అది కాదు. రోమన్ లిపి చర్చిని గుర్తుచేస్తుంది. ఆంధ్రలో మాతృభాషా బోధన కోసం తయారైన సవర వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి, ఒడిశాలో ఒడియా లిపి ఉంది. సొంపెంగ్‌లో పెడితే ఒక వర్గపు గుడి మెట్టు ఎక్కినట్టు. ఆఖరికి వరుసక్రమం కూడా మతమే: ఆ లిపిలో అ, ఆలు మొదట రావు, స, త, బ అంటూ మొదలవుతుంది. 2012 జనవరిలో యూనికోడ్ 6.1లో సొరా సొంపెంగ్‌కు చోటు దొరికినప్పుడు ఆ క్రమమే నిలిచింది. నిఘంటువును ఏ క్రమంలో పేర్చాలో ఎంచుకున్న మనిషి తెలియకుండానే ఒక దేవతను ముందు నిలబెడుతున్నాడు, ఇంకొకరిని వెనక్కి పంపుతున్నాడు.

అదృష్టవశాత్తు అచ్చుపుస్తకానికి లేని ఒక సౌకర్యం తెరకు ఉంది. ఒకే మాటను నాలుగు లిపుల్లో చూపవచ్చు, చదివేవాడే తన లిపిని ఎంచుకోవచ్చు. సొనుం కింద మూడు అర్థాలు పెట్టి, ఒక్కోదాని పక్కన ఎవరు చెప్పారు, ఏ ఊరి పలుకు, ఏ ఏడు, ఏ నమ్మకం నుంచి అన్నది రాయవచ్చు. ఆ మూడింటిలో ఒకటి ‘అసలు’ అర్థం అని తేల్చే అధికారం సంపాదకుడికి అక్కర్లేదు. అర్థం గడి పక్కన ‘చెప్పినవారు’ అన్న గడి తప్పనిసరి చేయాలి. ఈ చిన్న మార్పు చేయని ఏ సవర నిఘంటువైనా తల్లినో కొడుకునో అబద్ధాలకోరుగా నిలబెడుతుంది.

ఇక ధ్వని సంగతి. 2012 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్, లివింగ్ టంగ్స్ సంస్థ కలిసి ప్రపంచంలోని ఎనిమిది చిన్న భాషలకు మాట్లాడే నిఘంటువులు విడుదల చేశాయి. వాటిలో సవర ఒకటి. మాట మీద నొక్కితే సవర మనిషి గొంతు వినిపిస్తుంది. గొంతు ఇచ్చిన మనిషి చనిపోయాక కూడా అది ఇలా వినిపించడం ఆస్ట్రేలియా ఆదివాసుల దగ్గర చాలా సున్నితమైన విషయం. అక్కడ ఎన్నో సమాజాల్లో చనిపోయినవాళ్ల పేరు పలకరు. ఆ పేరుతో కలిసే మామూలు మాటను కూడా కొంతకాలం పక్కన పెడతారు. అందుకే అక్కడి వెబ్‌సైట్లు ముందే హెచ్చరిస్తాయి: ఇందులో చనిపోయినవారి పేర్లు, గొంతులు ఉండవచ్చు అని. అక్కడి వరుముంగు ఆదివాసులతో కలిసి తయారైన ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ పాట ఎవరు వినవచ్చు, ఏ బొమ్మ ఆడవాళ్లకే, ఏది ఫలానా వంశానికే అన్న కట్టుబాట్లను సమాజమే పెడుతుంది. టాస్మేనియాలో అయితే తాము మళ్లీ బతికించుకున్న పలావా కాని భాష గురించిన వ్యాసాన్ని వికీపీడియా నుంచి తీసేయమని అక్కడి ఆదివాసుల సంస్థ కోరింది.

సవరల పాత ఆచారం దీనికి ఎదురు. వాళ్ల దగ్గర చనిపోయినవాళ్లు నోరు తెరిచి మాట్లాడాలి, పేరు బిడ్డకు దక్కాలి. కనుక ఆస్ట్రేలియా హెచ్చరికను తెచ్చి ఇక్కడ అతికించడం కూడా తప్పే. గొంతు ఇచ్చిన ముసలమ్మ చనిపోయాక ఆ బొత్తాం నొక్కితే వచ్చే పలుకు ఆ ఇంటికి ఏమవుతుంది? ఓదార్పా, బాధ తెచ్చే రాకా, చర్చికి వెళ్లే మనవడికైతే ఒట్టి రికార్డింగా? రికార్డు చేసేముందే, ఆమె ఉండగానే, ఆమె ఇంటి అరుగు మీద అడగవలసిన ప్రశ్న ఇది.

దాచడం ఎందుకు, జ్ఞానం అందరిదీ కదా అనేవాళ్లు మనలో ఎక్కువ. వాళ్ల వైపు రామానుజుడున్నాడు. గురువు గోష్ఠీపూర్ణుడు పద్దెనిమిదిసార్లు తిప్పించి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని ఇచ్చిన మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ చెప్పాడని కథ. దక్షిణాది భక్తి చరిత్రలో అంత గొప్ప ఘట్టం అరుదు. కాని అందులో రెండు సంగతులు మరచిపోతున్నాం. రామానుజుడు ఆ సంప్రదాయం లోపలివాడు, మంత్రానికి హక్కుదారు. చెప్పినందుకు నరకం వస్తే నాకే రానీ అని ఫలితాన్ని నెత్తినేసుకున్నాడు. కొండకు నాలుగు రోజులు వెళ్లి, పూనకం పాటలను రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడికి ఆ హక్కూ లేదు, ఆ పర్యవసానమూ అంటదు. గోపురం ఎక్కాలో వద్దో సవరలు నిర్ణయించుకోవాలి. ఎక్కితే ఆ గొంతు వాళ్లది కావాలి.

ఇందుకు కావలసింది గొప్ప సాఫ్ట్‌వేర్ కాదు, జీతాలు. సవర వాచకాలకు గాను మద్రాసు ప్రభుత్వం ఇవ్వబోయిన పారితోషికాన్ని గిడుగు వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నాడు. నేటి నిఘంటువు పనుల్లో సవర మాట్లాడేవాళ్లు ఎక్కువగా సమాచారం ఇచ్చేవాళ్లుగానే మిగులుతున్నారు. గళ్లు నింపేది, అర్థాలు తేల్చేది చదువుకున్న పైవాళ్లు. సీతంపేట, భామిని, మెళియాపుట్టి ప్రాంతాల్లో డిగ్రీలు, బీఎడ్‌లు చేసిన సవర యువతీయువకులు ఇప్పుడున్నారు. వాళ్లను సంపాదకులుగా నియమించాలి. ఒక్కో గూడెంలో మాటలు చర్చించడానికి కూర్చునే పెద్దలకు ఆ రోజు కూలి ముట్టాలి. చర్చివాళ్లు, అక్షరబ్రహ్మ భక్తులు, రాయి పాతే పెద్దలు ఒకే సంపాదక బల్ల దగ్గర కూర్చోవాలి. వాళ్ల మధ్య సొనుం గురించి వాదం వస్తే, ఆ వాదం మొత్తాన్నీ పేర్లతో సహా ఆ మాట కిందే ఎక్కించాలి.